ఫోటోలో దాచిన సందేశం వాట్సాప్‌లో ఎందుకు మాయమైంది?

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఎంవీపీ కాలనీలో ఉంటున్నాం. మా అమ్మాయి పుణేలో ఉద్యోగం చేస్తోంది. బ్యాంకు లాకరు నంబరు, ఎఫ్‌డీల వివరాలు, ఏ కాగితం ఏ బీరువాలో ఉందో తనకు తెలిసి ఉండాలని నా ఆలోచన. నా ఫోను ఇంట్లో అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. మనవలు ఆటలాడతారు, వచ్చిన చుట్టాలు ఫోటోలు చూస్తారు. అందుకని ఫోటోలో సందేశం దాచే యాప్ ఒకటి దింపుకుని, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర తీసుకున్న ఫోటోలో వివరాలన్నీ పెట్టి వాట్సాప్ చేశాను. అమ్మాయి అదే యాప్‌లో తెరిస్తే 'సందేశం లేదు' అని వచ్చిందట. హెచ్‌డీ నొక్కి పంపినా అంతే. ఈమెయిల్లో పంపితే అంకెలు, ఇంగ్లీషు బాగానే వచ్చాయి గానీ తెలుగంతా ప్రశ్నార్థకాలే. యాప్ పనికిరానిదా, నేనే ఏదైనా తప్పు చేశానా? అసలు ఇలా దాచడం భద్రమేనా? చట్టం ఒప్పుకుంటుందా? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మొదటి రెండుసార్లూ యాప్ తన పని తాను చేసింది. సందేశం ఫోటోలో చక్కగానే కూర్చుంది, దారిలో వాట్సాప్ తుడిచేసింది. మూడోసారి వచ్చిన ప్రశ్నార్థకాల పాపం మాత్రం యాప్‌దే. ఇక భద్రత అంటారా, మీరు పంపిన తీరులో అది లేదు. ఆ ఫోటో చేతికి చిక్కినవాళ్లు ఎవరైనా అదే యాప్ దింపుకుని మీ లాకరు నంబరు చదివేయొచ్చు. దాచడం వేరు, తాళం వేయడం (పాస్‌వర్డు లేకుండా చదవలేనట్టు మార్చి రాయడం) వేరు. మీకు రెండూ కావాలి. ముందు తాళం వేసి, ఆ తర్వాత దాచాలి.

సందేశం ఫోటోలో ఎక్కడ కూర్చుంటుందో తెలిస్తే మిగతా చిక్కులన్నీ విడిపోతాయి. ఫోను లెక్కలో ఫోటో అంటే చుక్కల పట్టిక. ఒక్కో చుక్కకు, అంటే పిక్సెల్‌కు, ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు సంఖ్యలు ఉంటాయి. ఒక్కోటీ 0 నుంచి 255 లోపు. మీ ఫోటోలో ఇసుక మీది ఒక చుక్కకు ఎరుపు 200, ఆకుపచ్చ 117, నీలం 54 ఉన్నాయనుకుందాం. ఫోను వాటిని 11001000, 01110101, 00110110 అని రాసుకుంటుంది. ఇలాంటి యాప్‌లలో ఎక్కువ భాగం ఈ మూడింటిలోనూ చిట్టచివరి బిట్టును, అంటే చివరి 0 లేదా 1ని, తీసేసి, ఆ స్థానంలో మీ సందేశం తాలూకు బిట్టును పెడతాయి. దాచాల్సినవి 1, 0, 1 అయితే 200 కాస్తా 201 అవుతుంది, 117 కాస్తా 116, 54 కాస్తా 55. పక్కపక్కన పెట్టి చూసినా ఏ కంటికీ తేడా అందదు.

ఇలా ఎంత పడుతుంది? తెలుగుకు ఇంగ్లీషు కన్నా చోటు ఎక్కువ కావాలి. 'శ్రీ' అన్నది మనకు ఒక అక్షరమే. ఫోనుకు మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు చిహ్నాలు. ఫోన్లు అక్షరాలను రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు చిహ్నానికి 3 బైట్లు, మొత్తం 12 బైట్లు, అంటే 96 బిట్లు. చుక్కకు మూడు బిట్ల లెక్కన ఒక్క 'శ్రీ' దాచడానికి 32 చుక్కలు కావాలి. అయినా దిగులు పడక్కర్లేదు. 2000 అడ్డం, 1500 నిలువు ఉన్న ఫోటోలో 30 లక్షల చుక్కలుంటాయి. అందులో 11 లక్షల బైట్లకు పైనే పడుతుంది. మీ వివరాలన్నీ కలిపి రెండు పేజీలు రాసినా అందులో ఓ మూల సరిపోతుంది.

ఇప్పుడు వాట్సాప్ చేసిన పని చూద్దాం. మామూలుగా ఫోటో పంపితే అది ముందు పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. కుదించడమంటే పక్కపక్క చుక్కలను కలిపి కొత్త చుక్కలు చేయడం. మీ 201, 116, 55 అక్కడే పోయాయి. ఆపైన జేపెగ్‌గా మారుస్తుంది. జేపెగ్ ఫోటోను 8×8 చుక్కల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో రంగు ఎలా మారుతోందో ఉజ్జాయింపుగా రాసుకుని, మనిషి కంటికి ఆనని సన్న తేడాలను పారేస్తుంది. మీ సందేశం ఉన్నది సరిగ్గా ఆ సన్న తేడాల్లోనే. హెచ్‌డీ నొక్కితే కొలత పెద్దదిగా ఉంటుందే గానీ జేపెగ్ మార్పిడి అక్కడా తప్పదు. చివరి బిట్టులో దాచిన సందేశానికి ఒక్కసారి మార్పిడి జరిగితే చాలు, కథ ముగిసినట్టే. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా, గ్యాలరీలో ఫోటోను అటో ఇటో తిప్పి సేవ్ చేసినా, అంచులు కత్తిరించినా, ఫిల్టరు వేసినా, స్క్రీన్‌షాట్ తీసినా ఇదే గతి. గూగుల్ ఫోటోస్‌లో 'స్టోరేజ్ సేవర్' పెట్టి ఉంటే అక్కడా మళ్లీ కుదిస్తుంది.

కాబట్టి వాట్సాప్‌లోనే పంపాలంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. చాట్‌లో పిన్ను గుర్తు నొక్కి గ్యాలరీ కాకుండా 'డాక్యుమెంట్' ఎంచుకుని, ఫైళ్లలోంచి ఆ ఫోటోను తీసుకోండి. అప్పుడు వాట్సాప్ దాన్ని ముట్టుకోదు, బైటు బైటూ ఉన్నదున్నట్టు చేరుతుంది. చాట్‌లో పెద్ద బొమ్మగా కాకుండా ఫైలు పేరు, సైజుతో కనిపిస్తే సరిగ్గా వెళ్లినట్టు. టెలిగ్రామ్‌లో అయితే 'ఫైల్'గా పంపాలి. జీమెయిల్ కూడా అటాచ్‌మెంటును మార్చదు, 25 ఎంబీ హద్దు ఒక్కటే. ఎదురుగా ఉన్న మనిషికైతే క్విక్ షేర్, బ్లూటూత్ చాలు. అమ్మాయి కూడా ఆ ఫైలును చూసి స్క్రీన్‌షాట్ తీసుకోకుండా, డౌన్‌లోడైన ఆ ఫైలునే యాప్‌లో తెరవాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

చెక్ చేసుకోవడం తేలిక. మీ ఫోనులో ఫైల్ మేనేజర్ తెరిచి ఆ ఫైలు వివరాల్లో సైజు చూడండి. అమ్మాయినీ తన ఫోనులో చూడమనండి. బైట్లలో చివరి అంకె దాకా కలవాలి. 5.8 ఎంబీ పంపితే అటు 240 కేబీ వచ్చిందంటే ఇక యాప్ తెరిచి చూడటం దండగ.

సైజు గురించి ఇంకో మాట. ఈ రకం యాప్‌లు ఫలితాన్ని పీఎన్‌జీ ఫైలుగా సేవ్ చేస్తాయి, ఎందుకంటే పీఎన్‌జీ ఒక్క చుక్కను కూడా మార్చదు. 12 మెగాపిక్సెల్ ఫోటోను, అంటే 4000×3000 ఫోటోను, పీఎన్‌జీ చేస్తే ఒక్కోసారి 20 ఎంబీ కూడా దాటుతుంది. అంత బరువైన సముద్రం ఫోటో ఎవరైనా ఎందుకు పంపుతారన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. ముందే 2000×1500కు కుదించుకుని, ఆ కుదించినదాంట్లో సందేశం పెట్టండి. ఈ వరస తిరగబడితే, అంటే దాచాక కుదిస్తే, మీరే వాట్సాప్ పని చేసినట్టు.

ఇక ప్రశ్నార్థకాలు. మీ యాప్ రాసినవాళ్లు ఒక అక్షరానికి ఒక బైటే అనుకుని రాశారు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఒక బైటులో పడతాయి. తెలుగుకు మూడు కావాలి. పట్టనిదాన్ని పారేసి '?' పెట్టేసింది. అవి ఫోటోలో ప్రశ్నార్థకాలుగానే దాగి ఉన్నాయి కాబట్టి ఇప్పుడు ఏం చేసినా వెనక్కి రావు. కొత్త యాప్ ఏది తీసుకున్నా ముందు 'శ్రీ', 'లక్ష్మి', 'పుణేలో' అని మూడు మాటలు దాచి, వెంటనే మీ ఫోనులోనే బయటికి తీసి చూడండి. అవి సరిగ్గా వస్తేనే అసలు సంగతి రాయండి.

దీనికన్నా మంచి దారి ఉంది. సందేశాన్ని యాప్ పెట్టెలో టైపు చేయకుండా, ఫైలుగా తయారుచేసి ఆ ఫైలునే దాచడం. ఫైలు అయితే యాప్ అక్షరాల జోలికి పోదు, బైట్లనే మోస్తుంది. తాళం కూడా ఈ పద్ధతిలోనే కుదురుతుంది. ఆండ్రాయిడ్‌లో జెడ్‌ఆర్కైవర్ వంటి ఫైళ్ల యాప్ తీసుకోండి. వివరాలను మామూలు టెక్స్ట్ ఫైలుగా రాసి, దాన్ని 7జెడ్ (జిప్ లాంటి కుదింపు ఫైలు) రకంలో పాస్‌వర్డు పెట్టి కుదించమనండి. 7జెడ్ వాడే తాళం ఏఈఎస్-256 అనే గుప్తలిపి పద్ధతి. లోపలి ఫైలు పేర్లకు కూడా తాళం వేసే వీలుంటే అదీ టిక్ చేయండి. లేకపోతే 'లాకరు వివరాలు' అన్న పేరు పాస్‌వర్డు లేకుండానే కనిపిస్తుంది, తాళం వేసి గొళ్లెం మరిచినట్టు. ఇప్పుడు ఆ 7జెడ్ ఫైలును ఫోటోలో దాచండి. ఫైలును దాచే వీలు లేని యాప్ అయితే వదిలేయండి, వేరేది చూసుకోండి.

దాచే యాప్‌లోనే 'పాస్‌వర్డు' గడి ఉంటుందిగా అనొచ్చు. కొన్ని యాప్‌లలో అది నిజంగా సందేశాన్ని మార్చి రాసే తాళం. కొన్నింటిలో కేవలం ద్వారపాలకుడు: పాస్‌వర్డు సరిపోతే చూపిస్తుంది, లేకపోతే చూపించదు, లోపల మాత్రం సందేశం తాళం లేకుండానే పడి ఉంటుంది. బయటినుంచి చూసి ఏది ఏదో చెప్పలేం. అందుకే మన తాళం మనమే వేసుకోవడం మేలు. ఇంకొకటి, ఫోటోలో దాచే పనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వాడి చూడండి. అప్పుడు పనిచేయనని మొరాయించే యాప్, కాంటాక్టులూ లొకేషనూ అడిగే యాప్ మీకు వద్దు. అమ్మాయిది ఐఫోన్ అయితే ఆ యాప్ అక్కడ దొరుకుతుందో లేదో, 7జెడ్ ఫైలు తెరిచే యాప్ తన దగ్గర ఉందో లేదో ముందే అడగండి. దాచిన యాప్ ఒకటి, తీసే యాప్ ఇంకొకటి అయితే చాలావరకు కుదరదు. ఒక్కో యాప్ బిట్లను ఒక్కో వరసలో పేరుస్తుంది.

పాస్‌వర్డు విషయంలో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. తెలుగు లిపిలో పెట్టకండి. కంటికి ఒకేలా కనిపించే మాటను రెండు కీబోర్డులు రెండు రకాల చిహ్నాలతో రాయగలవు. మధ్యలో కనపడని అక్షరం ఒకటి దూరినా తాళం తెరుచుకోదు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. ఒకదానికొకటి సంబంధం లేని అయిదారు మాటలు: గొడుగు, మామిడి, రైలు, బిందె, కాకి లాంటివి. మీరే ఏరుకోండి, ఇవి అచ్చులో వచ్చేశాయి కాబట్టి ఇక పనికిరావు. స్పెల్లింగు ఒక్కో అక్షరం చదివి చెప్పండి. 'చింత' అన్నదాన్ని మీరొకలా రాస్తే అమ్మాయి ఇంకోలా రాస్తుంది. పుట్టినరోజులు, మనవల పేర్లు వద్దు, మీ ఫోను పట్టుకునేవాళ్లకు ముందుగా తట్టేవి అవే. పాస్‌వర్డును ఫోటో పంపిన చాట్‌లోనే పంపకండి. ఫోను చేసి చెప్పండి, లేదా పండక్కి వచ్చినప్పుడు చెవిలో వేయండి.

ఏ ఫోటో వాడాలన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. బీచ్ ఫోటో అందంగా ఉన్నా ఈ పనికి మంచిది కాదు. చాలా సాదా యాప్‌లు పై ఎడమ మూలనుంచి మొదలుపెట్టి వరసగా నింపుకుంటూ పోతాయి. మీ సందేశం 2000 బైట్లు అయితే 16,000 బిట్లు, సుమారు 5,300 చుక్కలు. 2000 చుక్కల వెడల్పున్న ఫోటోలో అది పై మూడు వరసలు కూడా పూర్తిగా నిండదు. బీచ్ ఫోటోలో ఆ పై మూడు వరసల్లో ఉండేది ఆకాశం. విశాఖ ఎండలో ఆకాశం తరచు తెల్లగా పేలిపోయి చుక్కలన్నీ 255 దగ్గర నిలిచిపోతాయి. అంత నున్నటి చోట 254లు, 255లు చిందరవందరగా పడితే, చివరి బిట్లను మాత్రమే బొమ్మగా చూపే సాఫ్ట్‌వేరులో ఆ మూడు గీతలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. అందుకే గందరగోళంగా ఉన్న ఫోటో ఎంచుకోవాలి: పూర్ణా మార్కెట్‌లో కూరగాయల గుట్టలు, ఫిషింగ్ హార్బరులో వలల కుప్ప, ఆకులు దట్టంగా ఉన్న చెట్టు. ఫ్రేము పైఅంచు దాకా ఆ గందరగోళం నిండి ఉండాలి. కాస్త చీకట్లో తీసిన గరుకు ఫోటో ఇంకా మంచిది, కెమెరా చేసే గరుకులో మీ బిట్లు కలిసిపోతాయి.

నిపుణుడి కంటికి కూడా దొరకదా అంటే, దొరుకుతుంది. 1999లో ఆండ్రియాస్ వెస్ట్‌ఫెల్డ్, ఆండ్రియాస్ ఫిట్జ్‌మన్ అనే ఇద్దరు దీన్ని లెక్కలతో పట్టే దారి చూపించారు. మామూలు ఫోటోలో 200 విలువున్న చుక్కలెన్ని, 201 విలువున్నవెన్ని అని లెక్కిస్తే రెండూ సమానంగా ఉండాలని ఏమీ లేదు. చివరి బిట్టులో సందేశం కుక్కితే 200, 201 దాదాపు సమానమవుతాయి. 202, 203 కూడా అంతే. జతలన్నీ అలా సమానమైపోతే లోపల ఏదో ఉన్నట్టే. వెస్ట్‌ఫెల్డ్ 2001లో ఎఫ్5 అని మరో పద్ధతి తెచ్చాడు. అది చుక్కల్లో కాకుండా జేపెగ్ గళ్ల లోపలి లెక్కల్లో దాస్తుంది. దాన్నీ పట్టే మార్గం జెస్సికా ఫ్రిడ్రిచ్ అనే పరిశోధకురాలి బృందం 2002లో బయటపెట్టింది. ఎఫ్5 వాడే యాప్ జేపెగ్ ఫైలునే ఇస్తుంది కాబట్టి సైజు చిన్నగా ఉంటుంది. కానీ వాట్సాప్ దాన్ని మళ్లీ కుదిస్తే అదీ పోతుంది, డాక్యుమెంటుగానే పంపాలి. మీ మనవలూ చుట్టాలూ ఇంత దూరం వెళ్లరు. ఈ లెక్కలన్నీ ఎందుకు చెప్పామంటే, దాపరికం బయటపడినా తాళం నిలబడేలా చేసుకోండని.

నెట్‌లో దొరికిన బొమ్మల్లో మాత్రం ఎప్పుడూ దాచకండి. అసలుదీ మీదీ పక్కన పెట్టి పోలిస్తే తేడా చుక్క చుక్కకూ బయటపడుతుంది. మీరు తీసిన ఫోటో అయినా సందేశం లేని అసలు ప్రతిని తుడిచేయాలి. గ్యాలరీలో తీసేస్తే సరిపోదు, బిన్‌లోంచి కూడా తీయాలి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి బిన్‌లో 60 రోజులు ఉంటాయి. వివరాలు రాసుకున్న టెక్స్ట్ ఫైలూ, 7జెడ్ ఫైలూ కూడా తీసేయండి. నోట్స్ యాప్‌లోంచి కాపీ చేసి ఉంటే కీబోర్డు క్లిప్‌బోర్డులో ఆ ముక్క మిగిలిపోతుంది. జీబోర్డులో క్లిప్‌బోర్డు ఆన్‌లో ఉంటే అది గంటసేపు నిలవ ఉంచుతుంది, పిన్ చేస్తే మీరు తీసేదాకా. ఆ గంటలో మనవడు ఆటలో పేరు టైపు చేయబోతే మీ ఎఫ్‌డీ నంబరు సలహాగా పైకి రావచ్చు. ఇలాంటివి యాప్ చూసుకోదు. డాక్యుమెంటుగా పంపితే ఇంకో సంగతి: ఫైలులో తీసిన చోటు వివరాలు ఉంటే అవీ అలాగే వెళతాయి. మామూలు ఫోటోగా పంపినప్పుడు వాట్సాప్ వాటిని తీసేసేది, ఇప్పుడు తీయదు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసి ఫోటో తీసుకోండి.

ఫోటో గొడవ లేకుండా మామూలు మెసేజ్‌లోనే కనపడని అక్షరాలు చొప్పించే యాప్‌లూ ఉన్నాయి. వెడల్పు లేని అక్షరాలు రెండు మూడు రకాలు తీసుకుని, ఒకదాన్ని 0, ఒకదాన్ని 1 అనుకుని మాటల మధ్య పేరుస్తాయి. ఇంగ్లీషులో ఇది బాగానే నడుస్తుంది. తెలుగుకు అచ్చిరాదు. ఎందుకంటే ఆ కనపడని అక్షరాల్లో ఒకదాన్ని మన రాత ఇప్పటికే రోజూ వాడుకుంటోంది. 'వాట్సాప్‌లో' అన్న మాటలో పొల్లుకూ 'లో'కూ మధ్య అదే ఉంటుంది. అది లేకపోతే ప కింద ల వత్తు పడి 'వాట్సాప్లో' అయిపోతుంది. యాప్ తిరిగి చదివేటప్పుడు ఈ మామూలు అక్షరాలను కూడా సందేశంలో బిట్లనుకుని లెక్క వేస్తే మొత్తం చెదిరిపోతుంది. పోనీ మెసేజ్ ఇంగ్లీషులో రాసి అందులో తెలుగు దాచినా ఒక్కో చిహ్నానికి 24 కనపడని అక్షరాలు కావాలి. యూనికోడ్ ఎస్సెమ్మెస్ ఒకటి 70 అక్షరాలకే నిండుతుంది, 'శ్రీ' ఒక్కదానికే 96. 'అమ్మా, చేరావా' అన్న రెండు మాటల ఎస్సెమ్మెస్ రెండు భాగాలుగా వెళితే తెలిసినవాళ్లకు అక్కడే తెలిసిపోతుంది.

ఒక నంబరు మాత్రమే పంపాల్సి ఉంటే, ఏ యాప్ లేని పాత దారి ఒకటి మనకే ఉంది. కటపయాది. హల్లులకు అంకెలు కట్టే పద్ధతి: క, ట, ప, య నాలుగూ 1 నుంచి మొదలై వరసగా పెరుగుతాయి. న, ఞ, విడి అచ్చులు సున్నా. పంచాంగ గణితంలోనూ కర్ణాటక సంగీతంలో మేళకర్తల పేర్లలోనూ ఇదే వాడారు. దీన్ని సరుకుల చీటీగా మార్చుకోండి. మొదటి అక్షరమే లెక్క: ఉప్పు 0, పసుపు 1, రవ్వ 2, బియ్యం 3, వంకాయలు 4, మిరియాలు 5, చింతపండు 6, సగ్గుబియ్యం 7, దోసకాయలు 8, ధనియాలు 9. 'బియ్యం, దోసకాయలు, పసుపు, చింతపండు తేవాలి' అని అమ్మాయికి పంపితే 3816 వెళ్లినట్టు. శాస్త్రం ప్రకారం అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలి, అప్పుడు 6183 అవుతుంది. ఎటునుంచి చదవాలో ముందే అనుకోండి. దీన్ని ఏ కుదింపూ చెరపలేదు, ఫోను మారినా పోదు, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించినా ఎవరూ పట్టించుకోరు. కటపయాది తెలిసిన పెద్దాయనెవరైనా ఇంటికొస్తే మాత్రం దాపరికం ఉండదు కాబట్టి లాకరు నంబరు వరకు సరే, ఏటీఎం పిన్‌కు వద్దు.

నిజానికి మీ అవసరానికి ఇంత హంగామా అక్కర్లేదనే మా అభిప్రాయం. వాట్సాప్ సందేశాలు 2016 నుంచీ పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప దారిలో ఎవరికీ చదవరాకుండానే వెళుతున్నాయి. మీ ఇబ్బంది దారిలో కాదు, ఇంట్లో ఉంది. అమ్మాయి చాట్‌కు 'చాట్ లాక్' పెట్టండి. దానికి ఫోను తాళంతో సంబంధం లేని రహస్య కోడు కూడా పెట్టుకోవచ్చు, అప్పుడు ఆ కోడు టైపు చేస్తే తప్ప తాళం వేసిన చాట్ల జాబితా కూడా కనబడదు. మెసేజ్‌లు 24 గంటల్లో మాయమయ్యేలా పెట్టుకోవచ్చు. చాట్ బ్యాకప్ గూగుల్ ఖాతాకు వెళుతుంటే, సెట్టింగుల్లో బ్యాకప్‌కు కూడా ఎండ్-టు-ఎండ్ తాళం ఆన్ చేయండి, అది దానంతట అది ఆన్ అయి ఉండదు. పంపాల్సినవి నంబర్లు, కాగితాల ఆచూకీ మాత్రమే. నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డు, పిన్ ఎందులో దాచీ ఎవరికీ పంపకండి, అమ్మాయికైనా సరే. ఆవిడకు ఆ డబ్బు అందాలంటే దారి నామినేషన్. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. బ్రాంచికి వెళ్లి ఆ ఫారం నింపితే ఫోటోలో దాచాల్సిన సమాచారం సగం తగ్గుతుంది.

చట్టం మాటకొస్తే, సొంత వివరాలకు తాళం వేసుకోవడం, దాచుకోవడం మన దేశంలో నేరం కాదు. కానీ ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 69 కింద అధికారం ఉన్న సంస్థ తెరిచి చూపించమంటే చూపించాలి, నిరాకరిస్తే 7 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. విశాఖలో ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. దాచడానికి ఫోటో కావాలని నేవల్ డాక్‌యార్డు వైపో, లంగరేసిన యుద్ధనౌకల వైపో కెమెరా తిప్పకండి. మ్యూజియంగా మారిన కురుసుర ముందు ఫోటో దిగడం వేరు, రక్షణ ప్రాంతం వేరు. 2019 డిసెంబరులో నౌకాదళ సిబ్బంది కొందరు గూఢచర్యం కేసులో అరెస్టయ్యారు. ఏపీ నిఘా పోలీసులు ఆ ఆపరేషన్‌కు మన కొండ పేరే పెట్టారు, 'డాల్ఫిన్స్ నోస్' అని. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. అలాంటి ఊళ్లో యుద్ధనౌక ఫోటోలో రహస్య సందేశం దొరికితే అది ఎఫ్‌డీ నంబరేనని నమ్మించడం కష్టం.

ఇంతా చదివి ఫోటో పద్ధతే కావాలంటే, మొదట 'శ్రీ' అన్న ఒక్క మాటతో మొత్తం దారి ఒకసారి నడిపి చూడండి: ఫైలు, తాళం, ఫోటో, డాక్యుమెంటు, అటువైపు సైజు, అటువైపు తెరవడం. అది అందాకే అసలు వివరాలు పంపండి. అమ్మాయి తెరిచి చదివానని చెప్పాక రెండు రోజుల లోపు 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కండి, ఆ గడువు రెండు రోజులు దాటి కొన్ని గంటలే. ఆ ఫైలును ఉంచుకోదలిస్తే అమ్మాయి తన వైపు ముందే వేరే ఫోల్డరులోకి కాపీ చేసుకోవాలి. మీలో ఎవరు ఫోను మార్చినా, యాప్ అప్‌డేట్ అయినా, పాత ఫోను చేతిలో ఉండగానే కొత్తదాంట్లో ఒకసారి తెరిచి చూసుకోండి. ప్లే స్టోర్‌లోంచి ఆ యాప్ ఎత్తేస్తే ఆ తర్వాత పాస్‌వర్డు గుర్తున్నా ఫోటో తెరుచుకోదు.